ఊరి చేతిలో ఆరోగ్యం: పసిబిడ్డల సంక్షేమంలో ప్రజా భాగస్వామ్యంపై ఒక సమీక్ష

ఒక ప్రాంతంలో పుట్టిన బిడ్డల్లో ఎందరు బతికి బట్టకడుతున్నారు, బతికినవారిలో ఎందరు వయసుకు తగిన ఎత్తూ బరువూ పొందుతున్నారు అన్న ప్రశ్నకు ఆ ప్రాంతంలోని ఆసుపత్రుల సంఖ్య ఒక్కటే జవాబు చెప్పలేదు. తాగే నీరు, మురుగు పారే దారి, గర్భిణి తినే తిండి, ఆమెకు దొరికే విశ్రాంతి, ఆమె పెళ్లినాటి వయసు, ఇంటి ఖర్చు విషయంలో ఆమె మాటకున్న విలువ, ఊరికీ పట్టణానికీ మధ్య ఉన్న రోడ్డు, ఇవన్నీ కలిసి బిడ్డ ఆయుష్షును నిర్ణయిస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ వైద్యుడి చేతిలో ఉండదు. అందువల్లనే ప్రజారోగ్య శాస్త్రం, అంటే ఒక మనిషికి వచ్చిన జబ్బును నయం చేయడంతో ఆగక మొత్తం జనాభాకు జబ్బు రాకుండా చూడదలచిన శాస్త్రం, దాదాపు ఎనభై ఏళ్లుగా ఒక ప్రశ్నకు మళ్లీ మళ్లీ తిరిగి వస్తోంది. స్థానిక ప్రజలు ఆరోగ్య వ్యవస్థలో సేవలు అందుకునేవారిగా మాత్రమే ఉండాలా, నిర్ణయాలు తీసుకునేవారిగా కూడా ఉండాలా అన్నదే ఆ ప్రశ్న. రెండోదే సరైనదని నేడు సూత్రరీత్యా అందరూ అంగీకరిస్తున్నారు. అయితే ఆ అంగీకారం ఆచరణలో ఎక్కడ పసిప్రాణాలను నిలిపింది, ఎక్కడ కాగితాల మీద మిగిలిపోయింది, ఈ తేడాకు కారణాలేమిటి అన్న విషయాలను విడివిడిగా పరిశీలించనిదే ఆ సూత్రానికి విలువ కట్టడం సాధ్యం కాదు.

ప్రజా భాగస్వామ్యం అన్న పేరు కింద ఒకదానితో ఒకటి పొంతన లేని పనులు అనేకం నడుస్తుంటాయి. పల్స్ పోలియో రోజున బిడ్డను కేంద్రానికి తీసుకురావడం, ఊరి కాలువ పూడిక తీయడానికి శ్రమదానం చేయడం, అధికారులు ముందే రాసి తెచ్చిన తీర్మానం మీద కమిటీ సభ్యులు సంతకాలు పెట్టడం, అంగన్‌వాడీ గుడ్లు సరిగా రావడం లేదని గ్రామసభలో నిలదీయడం, ఏ సమస్యను ముందు చేపట్టాలో ఊరే కూర్చుని తేల్చుకోవడం, ఇవన్నీ భాగస్వామ్యం లెక్కలోకే వస్తున్నాయి. 1969లో అమెరికన్ రచయిత్రి షెర్రీ ఆర్న్‌స్టీన్ పౌర భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించి, అడుగు మెట్లమీద ప్రజలను మభ్యపెట్టడమే జరుగుతుందనీ, నడిమి మెట్లమీద వారికి సమాచారమివ్వడం, అభిప్రాయమడగడం వరకు సాగుతుందనీ, పై మెట్ల మీదే అధికారం నిజంగా చేతులు మారుతుందనీ చూపారు. ఆ విభజన ఈనాటికీ పనికొస్తుంది. ఎందుకంటే భాగస్వామ్యం ఫలితమివ్వలేదని తేలిన ప్రయత్నాల్లో చాలావాటిని తరచి చూస్తే ప్రజలు అడుగు మెట్లు దాటి పైకి రాలేదన్న సంగతి బయటపడుతుంది.

ఈ ఆలోచన భారతదేశానికి బయటినుంచి వచ్చిన సరుకు కాదు. 1943లో ఏర్పడి 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ, స్వతంత్ర భారత ఆరోగ్య వ్యవస్థకు పునాది గీస్తూనే, ప్రతి గ్రామంలోనూ ప్రజలతో కూడిన ఆరోగ్య కమిటీ ఉండాలని సూచించింది. అంతకు కొద్దికాలం ముందే, 1940లో, దక్షిణాఫ్రికాలోని ఫొలేలాలో సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అనే వైద్య దంపతులు ఆసుపత్రి గదిలోంచి ఇళ్లవైపు నడిచి, ఒక్కో కుటుంబం తిండినీ నీటినీ రోగాలనూ కలిపి అధ్యయనం చేసే పద్ధతిని ఆరంభించారు. ఇలాంటి అనుభవాలన్నీ కలిసి 1978 సెప్టెంబరులో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా-ఆటాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి జరిపిన సదస్సులో ఒక ప్రకటన రూపం దాల్చాయి. ప్రాథమిక ఆరోగ్య సంరక్షణకు రూపకల్పన చేయడంలోనూ అమలులోనూ పాల్గొనడం ప్రజల హక్కు మాత్రమే కాక వారి బాధ్యత కూడానని ఆ ప్రకటన ప్రపంచ ప్రభుత్వాల చేత ఒప్పించింది.

ఆ ఒప్పందం తడి ఆరకముందే వెనకడుగు మొదలైంది. సమగ్ర ఆరోగ్య సంరక్షణ ఖర్చుతో కూడినదనీ, కొన్ని ఎంచిన చర్యలను మాత్రమే వేగంగా అమలు చేస్తే ఎక్కువ ప్రాణాలు దక్కుతాయనీ వాదన బయలుదేరి, 1980లలో బిడ్డ ఎదుగుదలను నమోదు చేయడం, విరేచనాలకు ఉప్పు చక్కెర ద్రావణం, తల్లిపాలు, టీకాలు అన్న నాలుగింటి చుట్టూ అంతర్జాతీయ సాయం కేంద్రీకృతమైంది. ఈ చర్యలు లక్షల ప్రాణాలు కాపాడాయన్నది నిజమే. ఊరు తనకేం కావాలో చెప్పే అవకాశం ఆ నమూనాలో మాయమైందన్నది కూడా అంతే నిజం. భారతదేశంలో 1977 అక్టోబరు 2న మొదలైన సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకం, వెయ్యి జనాభాకు ఒకరిని ఊరే ఎన్నుకుని నెలకు 50 రూపాయల గౌరవ వేతనంతో నియమించుకోవాలన్న మంచి ఉద్దేశంతో పుట్టినా, ఎంపిక ఊరి పెద్దల చేతుల్లోకి పోయి, ప్రసవాల గురించీ పసిబిడ్డల గురించీ ఇంటి లోపలికి వెళ్లి మాట్లాడలేని పురుషులే అధికంగా ఆ స్థానాల్లో కూర్చోవడంతో క్రమంగా నీరసించిపోయింది. ఊరు అంటే ఒకే గొంతు కాదనీ, కులం, ఆస్తి, ఆడ మగ తేడాలున్న చోట భాగస్వామ్యాన్ని ఏ ఏర్పాటూ లేకుండా వదిలేస్తే అది బలవంతుల భాగస్వామ్యమే అవుతుందనీ ఆ పథకం నేర్పిన పాఠం తర్వాతి కాలపు విధానకర్తలకు అంతగా ఎక్కలేదు.

ఆ పాఠాన్ని ముందే గ్రహించి పని చేసిన చోటు మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్. రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే 1970లో అక్కడ గ్రామీణ ఆరోగ్య కేంద్రాన్ని స్థాపించినప్పుడు కరవు పీడిత అహ్మద్‌నగర్ జిల్లాలో ప్రజలు ముందుగా కోరినది మందులను కాదు, తాగునీటినీ తిండినీ. బోరుబావులతో, పంటలతో పని మొదలుపెట్టిన ఆ వైద్యులు, తర్వాత ఊళ్ల నుంచి ఎక్కువగా అక్షరం రాని, దళిత కుటుంబాలకు చెందినవారితో సహా పేద మహిళలను ఎంపిక చేయించి గ్రామ ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. ఒకసారి శిక్షణ ఇచ్చి వదిలేయకుండా ఏళ్ల తరబడి వారిని తరచుగా కేంద్రానికి రప్పించుకుని, ఎదురైన సమస్యలను చర్చిస్తూ నేర్పుతూ పోవడం ఆ పద్ధతిలోని ప్రాణం. రైతు సంఘాలూ మహిళా మండళ్లూ ఆ కార్యకర్తకు అండగా నిలిచినందువల్ల ఆమె మాట ఊళ్లో చెల్లింది. పోలియో చుక్కల విషయంలో భయాలు పెద్దఎత్తున ప్రబలిన ఉత్తరప్రదేశ్‌లో సైతం దశాబ్దాల తర్వాత ఇదే సూత్రం పనిచేసింది. ఆ వీధికే చెందిన మహిళలూ నమ్మకమున్న మతపెద్దలూ ఇంటింటికీ తిరిగిన తర్వాతే తలుపులు తెరుచుకున్నాయి. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైన కేసే దేశంలో చివరి సహజ పోలియో కేసుగా మిగిలింది.

గడ్చిరోలీలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1980లలో నెలకొల్పిన సెర్చ్ సంస్థ మరొక కోణాన్ని జోడించింది. తమ ఆసుపత్రి ఎలా ఉండాలని అడిగినప్పుడు గోండు గిరిజనులు అది తమ పల్లెలాగా ఉండాలనీ, తమ దేవత దంతేశ్వరి పేరు పెట్టాలనీ కోరగా అలాగే నిర్మించారు. అంతకంటే ముఖ్యమైనది నవజాత శిశువుల విషయంలో జరిగిన పరిశోధన. నవజాత శిశు మరణాల రేటు అంటే సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో మొదటి 28 రోజుల్లోనే కన్నుమూసిన వారి సంఖ్య. ఆసుపత్రి చాలా దూరమైన ఆ జిల్లాలో 39 పల్లెలను ఎంచుకుని, ఆ పల్లెల మహిళలకే బిడ్డను వెచ్చగా ఉంచడం, ఊపిరాడని బిడ్డకు శ్వాస అందించడం, రక్తంలో ఇన్ఫెక్షన్ లక్షణాలు గుర్తించి యాంటీబయాటిక్ మందు ఇవ్వడం దాకా నేర్పారు. సాధారణ సేవలు మాత్రమే ఉన్న 47 పల్లెలతో పోల్చి చూసినప్పుడు మూడో ఏడాదికి ఈ మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వెల్లడించారు. భారత ప్రభుత్వం 2011లో ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్లకు వెళ్లి బిడ్డను చూసే కార్యక్రమాన్ని దేశమంతటా ప్రవేశపెట్టడానికి ఆ ఫలితమే ప్రేరణ. అయితే ఆ ప్రయాణంలో యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వంటి కీలక నైపుణ్యం చాలాచోట్ల జారిపోయి సందర్శనలూ నమోదులూ మిగిలాయి. పైలట్ ప్రయోగం పథకంగా మారేటప్పుడు ముందుగా రాలిపోయేది కింది మనిషికి ఇచ్చిన అధికారమే.

ఇప్పటివరకు చెప్పిన ఉదాహరణల్లో శిక్షణ పొందిన ఒక కార్యకర్త కేంద్రంగా ఉంది. కార్యకర్త చికిత్స చేయకుండా, మహిళలు కూర్చుని మాట్లాడుకోవడం ఒక్కటే జరిగితే బిడ్డలు బతుకుతారా అన్న ప్రశ్నకు సమాధానం నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లా నుంచి వచ్చింది. ప్రాంతాలను చీటీలు వేసినట్టు యాదృచ్ఛికంగా రెండు భాగాలుగా విడదీసి, ఒక భాగంలో మాత్రమే కొత్త పద్ధతి అమలు చేసి రెండింటినీ పోల్చే పరిశోధన పద్ధతిలో, 2004లో వెలువడిన ఆ అధ్యయనంలో స్థానిక మహిళ ఒకరు నెలకోసారి సమావేశాలు నడిపిన చోట నవజాత శిశు మరణాలు 30 శాతం తక్కువగా కనిపించాయి. ఆమె ఉపన్యాసాలివ్వలేదు. కాన్పు సమయంలో తమ ఊళ్లో ఎదురయ్యే కష్టాలేమిటో మహిళలే చెప్పుకున్నారు, వాటిలో ముందుగా చేపట్టవలసినవి తేల్చుకున్నారు, అత్యవసర నిధి పోగుచేయడం, ఆసుపత్రికి మోసుకెళ్లే ఏర్పాటు చేయడం, శుభ్రమైన కాన్పు సామగ్రి తయారుచేసుకోవడం వంటి ఉపాయాలు పన్నుకున్నారు, కొంతకాలమైన తర్వాత ఏది పనిచేసిందో చూసుకున్నారు. సమస్యను గుర్తించడం, ఉపాయం ఆలోచించడం, అమలు చేయడం, సమీక్షించుకోవడం అన్న ఈ నాలుగు దశలనే నేడు భాగస్వామ్య అభ్యసన కార్యాచరణ అని వ్యవహరిస్తున్నారు.

ఈ పద్ధతికి అతి బలమైన నిరూపణ తెలుగు నేలకు ఉత్తరాన ఉన్న ఝార్ఖండ్, ఒడిశాల గిరిజన ప్రాంతాల్లో జరిగింది. పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా ఖర్సావాన్, కేందుఝర్ జిల్లాల్లో ఏక్‌జుట్ అనే స్వచ్ఛంద సంస్థ బొమ్మల కార్డులూ కథలూ ఆటలూ ఆధారంగా మహిళా బృందాలను నడిపింది. 2010లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం, చివరి రెండేళ్లనే తీసుకుంటే 45 శాతం తగ్గాయి. ఆ కాలంలో ఆసుపత్రి కాన్పులు చెప్పుకోదగినంతగా పెరగలేదన్నది ఈ ఫలితంలో ఆలోచించదగ్గ అంశం. మారినది ఇంట్లో జరిగే పని. కాన్పు చేసే మనిషి చేతులు సబ్బుతో కడుక్కోవడం, బొడ్డు కోయడానికి శుభ్రమైన బ్లేడు వాడటం, మొదటి వారాల్లో బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ పట్టకపోవడం పెరిగాయి. తల్లుల్లో మానసిక కుంగుబాటు మూడో ఏటికి తగ్గింది. అత్యంత పేద, అట్టడుగు కుటుంబాల్లో ప్రయోజనం మరింత ఎక్కువగా కనిపించడం దీనికంటే విశేషం. సాధారణంగా కొత్త ఆరోగ్య సేవ ఏదైనా ముందు అందుకునేది ఉన్నవారే కాగా, ఇక్కడ ఆ క్రమం తిరగబడింది.

ఇంత చెప్పిన తర్వాత బంగ్లాదేశ్ అనుభవాన్ని దాటవేయడం న్యాయం కాదు. అదే 2010లో, అదే పద్ధతితో అక్కడ జరిగిన పెద్ద అధ్యయనంలో మరణాలు తగ్గలేదు. పద్ధతి విఫలమైందని తేల్చేవారికి అది ఆధారంగా దొరికింది. పరిశోధకులు కారణం వెతికినప్పుడు తేడా సాంద్రతలో కనిపించింది. ఝార్ఖండ్, ఒడిశాల్లో సుమారు 468 మంది జనాభాకు ఒక బృందం ఉండగా బంగ్లాదేశ్‌లో 1,414 మందికి ఒకటి చొప్పున ఉంది. గర్భిణుల్లో అతి కొద్దిమంది మాత్రమే సమావేశాలకు రాగలిగారు. తర్వాత అక్కడే బృందాల సంఖ్య పెంచి దాదాపు 309 మందికి ఒకటి చొప్పున నడిపినప్పుడు నవజాత శిశు మరణాలు 38 శాతం తగ్గాయి. భారత్, నేపాల్, బంగ్లాదేశ్, మలావీల్లో జరిగిన ఏడు అధ్యయనాలను 2013లో ఒకచోట చేర్చి చూసినప్పుడు ఈ సంగతి ఇంకా స్పష్టమైంది. గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది పాల్గొన్న చోట్ల నవజాత శిశు మరణాలు మూడో వంతు, ప్రసూతి మరణాలు దాదాపు సగం తగ్గాయి. ఆ ఆధారంతోనే 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ముఖ్యంగా వైద్యసేవలు అంతంతమాత్రంగా ఉన్న గ్రామీణ ప్రాంతాల్లో, ఈ పద్ధతిని సిఫారసు చేసింది. భాగస్వామ్యానికి మోతాదు ఉంటుందన్నది ఈ మొత్తం పరిశోధనల సారం. సగం మోతాదు మందు జ్వరాన్ని తగ్గించనట్టే, మండలానికి రెండు సమావేశాలు పెట్టి ఫొటోలు తీసుకుంటే మరణాలు తగ్గవు.

పట్టణాల విషయం వేరు. ముంబయి మురికివాడల్లో ఇదే తరహా మహిళా బృందాలతో చేసిన ప్రయత్నం నవజాత శిశువుల ప్రాణాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. అక్కడ కాన్పులు అప్పటికే అధికంగా ఆసుపత్రుల్లో జరుగుతుండటం, కుటుంబాలు తరచుగా ఇళ్లు మారుతుండటం, పక్కింటివారితో దీర్ఘకాలపు సంబంధం లేకపోవడం ఇందుకు కారణాలై ఉండవచ్చు. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ బస్తీల కోసం పథకాలు రాసేవారు గ్రామీణ నమూనాను యథాతథంగా ఎత్తి తెచ్చుకునే ముందు ఈ ఫలితాన్ని చూడాలి.

పోషణ విషయంలో ఫలితాలు మరింత మిశ్రమంగా ఉన్నాయి. బిడ్డ వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడాన్ని ఎదుగుదల గిడసబారడం అంటారు. ఇది ఏళ్ల తరబడి సాగిన పోషకాహార లోపానికీ మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్లకూ గుర్తు. ఝార్ఖండ్, ఒడిశాల్లోనే మహిళా బృందాలకు ఇంటి సందర్శనలు కూడా జోడించి చేసిన అధ్యయనం 2017లో వెలువడగా, బిడ్డల తిండిలో వైవిధ్యం పెరిగినా, శిశు మరణాలు తగ్గినా, ఎత్తు మాత్రం మారలేదు. మరుగుదొడ్లు, చేతుల శుభ్రత మాత్రమే ఎదుగుదలను పెంచలేవని ఆఫ్రికా, దక్షిణాసియాల్లో జరిగిన పెద్ద పరిశోధనలు కూడా దాదాపు అదే కాలంలో తేల్చాయి. ఇందులో వింతేమీ లేదు. ఏమి తినిపించాలో తల్లికి తెలియడం ఒకటి, తినిపించడానికి ఆమె దగ్గర సరుకూ సమయమూ ఉండటం మరొకటి. పొద్దున్నే కూలికి వెళ్లి సాయంత్రం తిరిగివచ్చే తల్లికి పోషణ పాఠం ఎంత బాగా చెప్పినా, ఏడాదిన్నర బిడ్డకు పగటిపూట నాలుగుసార్లు తినిపించేది ఎవరన్న ప్రశ్న అలాగే ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో తల్లులే నడుపుకున్న ఫుల్వారీలనే పగటి సంరక్షణ కేంద్రాలూ, ఒడిశా, ఝార్ఖండ్‌లలో మూడేళ్లలోపు పిల్లల కోసం తెరిచిన శిశు సంరక్షణ కేంద్రాలూ ఈ ప్రశ్నకు నేరుగా బదులిచ్చినందువల్లనే మెరుగైన ఫలితాలు చూపాయి. మూడేళ్లు దాటినవారికి అంగన్‌వాడీ ఉంది, మూడేళ్లలోపువారికి ఇంటికి ఇచ్చే బాలామృతం వంటి పొట్లాలు ఉన్నాయి గానీ, ఆ వయసు బిడ్డను పగలంతా చూసుకునే చోటు చాలా ఊళ్లలో నేటికీ లేదు.

ప్రజలు సేవలను పర్యవేక్షించడం ద్వారా వాటిని మెరుగుపరచవచ్చునన్న మరో పాయ ఉంది. ఉగాండాలో 50 ఆరోగ్య కేంద్రాల వద్ద ప్రజలకు ఆ కేంద్రం పనితీరు చిట్టా చూపించి, సిబ్బందితో కలిపి కూర్చోబెట్టి, మార్పులకు ఒప్పందం చేయించిన ప్రయోగంలో అయిదేళ్లలోపు పిల్లల మరణాలు మూడో వంతు తగ్గాయని 2009లో ప్రకటించినప్పుడు అది ప్రపంచవ్యాప్త చర్చకు దారితీసింది. తర్వాతి దశాబ్దంలో అదే దేశంలో ఎన్నో రెట్లు పెద్దగా దాన్ని మళ్లీ చేసి చూసినప్పుడు మరణాల్లో మార్పు కనిపించలేదు. మహారాష్ట్రలో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద 2007 నుంచి నడిచిన ప్రజా పర్యవేక్షణ, జన సున్వాయీ అనే బహిరంగ విచారణలు మందుల కొరత, అక్రమ వసూళ్లు, మూతపడిన సబ్‌సెంటర్లు వంటి విషయాల్లో మార్పు తెచ్చాయని అక్కడ పనిచేసిన సంస్థలు నమోదు చేశాయి. నిలదీసే హక్కు దానంతటదే విలువైనది. అది మరణాలను తగ్గిస్తుందా లేదా అన్నది నిలదీసినప్పుడు సరిదిద్దగల అధికారం, నిధులు అవతలి మనిషికి ఉన్నాయా అన్నదాని మీద ఆధారపడుతుంది.

భాగస్వామ్యం పేరుతో జరిగే హాని గురించి కూడా చెప్పాలి. బహిరంగ మలవిసర్జన నిర్మూలన కార్యక్రమాల్లో ఊరి గౌరవం పేరిట పేదలను అవమానించడం, రేషన్ ఆపుతామని బెదిరించడం, తెల్లవారుజామున ఈలలు ఊదుతూ తరమడం వంటివి దేశంలో అనేకచోట్ల నమోదయ్యాయి. స్థలమూ నీళ్లూ లేనివారి మీద ఊరిచేత ఒత్తిడి పెట్టించడం ప్రజారోగ్యం కాదు.

తెలుగు ప్రాంతానికి వస్తే, ప్రజలు తమ పిల్లల క్షేమం కోసం సంఘటితమైన చరిత్ర ఇక్కడ ఘనంగానే ఉంది. అయితే అది ఆరోగ్య శాఖ పుస్తకాల్లో కనిపించదు. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు చేరిన మహిళలు తమ ఇళ్ల కష్టాలకు మూలం సారాయి అని తేల్చుకుని దుకాణం మూయించారు. ఆ కదలిక జిల్లాలను దాటి వ్యాపించి 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారాయి నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికీ దారితీసింది. 1997లో ఆ నిషేధం సడలిపోయినా, భర్త కూలి డబ్బు ఇంటికి చేరితే బిడ్డ పళ్లెంలోకి అన్నం వస్తుందన్న ఆర్థిక సత్యాన్ని ఆ మహిళలు గుర్తించిన తీరు, ఏక్‌జుట్ సమావేశాల్లోని మొదటి దశకు ఏమాత్రం తీసిపోదు. చదువు కోసం మొదలైన కూడిక వేరొక సమస్యను ఎంచుకుంది, ఆ ఎంపిక వారిదే అయింది. అంతటి శక్తి ఆ ఉద్యమానికి అక్కడి నుంచే వచ్చింది.

రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వాన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 తర్వాత చేసిన పని కూడా ఈ కోవకే చెందుతుంది. బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాల కార్మికుడే అన్న సూత్రంతో, యువకులను, ఉపాధ్యాయులను, సర్పంచులను, చివరికి పిల్లలను పనిలో పెట్టుకున్న రైతులను కూడా ఒప్పించి, పిల్లలను పనుల నుంచి తప్పించి శిబిరాల ద్వారా బడిలో చేర్చిన ఆ ప్రయత్నానికి 2003లో మెగసెసే పురస్కారం లభించింది. బాలికలు బడిలో కొనసాగడమంటే పెళ్లి వాయిదా పడటమనీ, పెళ్లి వాయిదా పడటమంటే మొదటి కాన్పు పదహారో ఏట కాక ఇరవై దాటాక జరగడమనీ గుర్తుంచుకుంటే ఇది ఆరోగ్య కార్యక్రమం కూడానని ఒప్పుకోక తప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి సైతం 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం ఉన్నారంటే ఆ పని ఎంత మిగిలివుందో తెలుస్తుంది.

ఫ్లోరోసిస్ ఉదంతం మరో హద్దును చూపిస్తుంది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్లు గారపట్టడం, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంకరపోవడం జరుగుతాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బు ప్రబలి ఉందని 1937లోనే పరిశోధకులు ప్రచురించారు. నల్లగొండ జిల్లాలో సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టారు. కానీ ఇంటింటా రోజూ చేయవలసిన ఆ పని నిలబడలేదు. అక్కడ ప్రజలు కోరినది కృష్ణా జలాలు. ఆ కోరికను వినిపించడానికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. కుటుంబం ఎంత జాగ్రత్త పడినా భూగర్భంలోని ఫ్లోరైడ్ పోదు. పైపులైను వేయగలిగేది ప్రభుత్వమే. ఇలాంటి చోట ప్రజల పాత్ర పోరాడి సాధించుకోవడమే తప్ప, ప్రభుత్వం చేయవలసిన పనిని భుజాన వేసుకోవడం కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో నొప్పులు పడుతున్న గర్భిణిని బంధువులూ ఇరుగుపొరుగూ డోలీ కట్టి కిలోమీటర్ల దూరం మోసుకురావడాన్ని గిరిజనుల ఐకమత్యంగా మెచ్చుకునేవారున్నారు. అది రోడ్డు వేయని వ్యవస్థ వైఫల్యం. దాన్ని ప్రజా భాగస్వామ్యంగా లెక్కించడం ఆ తల్లికి చేసే అన్యాయం.

నేటి తెలుగు రాష్ట్రాల ఆరోగ్య చిత్రం మక్వాన్‌పూర్ నాటిది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. 2020 నాటికి శిశు మరణాల రేటు వెయ్యికి ఆంధ్రలో 24, తెలంగాణలో 21కి దిగింది. కాన్పు చేసే చేతులు శుభ్రంగా ఉండాలన్న చర్చ ఇక్కడ ఊరి చర్చగా మిగలలేదు. కొత్త సమస్యలు వేరు. అయిదేళ్లలోపు పిల్లల్లో గిడసబారినవారు ఆంధ్రలో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. రక్తహీనత ఉన్న పిల్లలు ఆంధ్రలో 63.2 శాతం కాగా తెలంగాణలో 70 శాతం. తెలంగాణలో గిడసబారిన పిల్లల శాతం అంతకుముందు సర్వేతో పోలిస్తే పెరిగింది కూడా. మరోవైపు తెలంగాణలో నూటికి అరవైకి పైగా కాన్పులు సిజేరియన్ శస్త్రచికిత్సతో జరుగుతున్నాయి. ఆసుపత్రికి ఎలా చేరాలన్నది పాత ప్రశ్న అయితే, చేరిన తర్వాత అవసరం లేని కోతను ఎలా తప్పించుకోవాలన్నది కొత్త ప్రశ్న. బాలింతకు పథ్యం పేరుతో కూరలూ పప్పూ తగ్గించడం, ఆరు నెలలు దాటిన బిడ్డకు గంజి, చారన్నంతో సరిపెట్టడం, ఇంట్లో అందరూ తిన్నాక కోడలు మిగిలినది తినడం వంటివి మందుల చీటీతో మారేవి కావు. అత్తలూ మామలూ భర్తలూ కూడా కూర్చున్న చోట చర్చకు రావలసినవి.

ఆ చర్చకు కావలసిన వేదికలు ఈ రెండు రాష్ట్రాల్లో కొత్తగా కట్టనక్కరలేదు. పదిపదిహేను మంది చొప్పున నెలనెలా కూర్చునే పొదుపు సంఘాలు, వాటిపైన గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. దేశంలో మరెక్కడా లేనంత దట్టంగా అల్లుకున్న ఈ అల్లికకు బంగ్లాదేశ్‌లో లోపించిన సాంద్రత ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామ సంఘాలే నిర్వహించిన పోషణ, సంరక్షణ కేంద్రాల్లో గర్భిణులూ బాలింతలూ కూర్చుని పూటపూటా తిన్న అనుభవం కూడా వీటికి ఉంది. 2013లో అమృత హస్తం పేరుతో అంగన్‌వాడీల్లో మొదలై, తర్వాత తెలంగాణలో ఆరోగ్యలక్ష్మిగా సాగిన ఒక్కపూట సంపూర్ణ భోజనం ఆ ఆలోచనకు దగ్గరి చుట్టమే. కానీ క్రమంగా సంఘం సమావేశం అంటే వాయిదా కట్టడం, రుణం పుస్తకం సరిచూసుకోవడం, ప్రభుత్వ కార్యక్రమాలకు జనాన్ని తరలించడం అన్నట్టుగా కుదించుకుపోయింది. మహిళలను చేర్చడంలో ఈ రాష్ట్రాలు సాధించిన విజయం పెద్దది. చేరిన మహిళల చేత తమ పిల్లల గురించి మాట్లాడించకపోవడం అంతకంటే పెద్ద చేజారిన అవకాశం.

చట్టం మాత్రం ఎప్పుడో దారి తెరిచింది. 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో సహా ఆరోగ్యం, పారిశుధ్యం, కుటుంబ సంక్షేమం, స్త్రీ శిశు అభివృద్ధి ఉన్నాయి. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం నాటికి ఆసుపత్రులను స్థానిక సంస్థలకు అప్పగించి, ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా వాటికి కేటాయించింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ అధికారాలు శాఖల చేతుల్లోనే ఉండిపోయాయి. 2005 తర్వాత ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఏర్పడిన గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీకి ఏటా 10,000 రూపాయలు దేనికైనా వాడుకోగల నిధిగా ఇవ్వాలని నిర్ణయించారు. ఆ సొమ్ము చిన్నదే అయినా దేని మీద ఖర్చు పెట్టాలో ఊరు నిర్ణయించుకోవడం అలవాటవుతుందన్నది ఉద్దేశం. కమిటీ ఉన్నదని సభ్యులకే తెలియని పరిస్థితిలో ఆ నిధి బ్లీచింగ్ పొడికీ ఫినాయిల్‌కూ పరిమితమైపోవడం సహజం.

ఈ మొత్తం భారాన్ని మోస్తున్నది ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్, ఆయా. దేశంలోని దాదాపు పది లక్షల ఆశాలకు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారమిచ్చింది. కానీ వారిని ఉద్యోగులుగా కాక స్వచ్ఛంద సేవకులుగా పరిగణించి, చేసిన ఒక్కో పనికి ఇంత అని పారితోషికం లెక్కగట్టే పద్ధతి అధిక రాష్ట్రాల్లో కొనసాగుతోంది. రిజిస్టర్లూ యాప్‌లలో నమోదులూ పెరిగిన కొద్దీ ఇంటి గడపలో కూర్చుని మాట్లాడే సమయం తరిగిపోతోంది. ఆశాలే బృంద సమావేశాలు నడిపినా నవజాత శిశు మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయని ఝార్ఖండ్, ఒడిశాల్లో 2016లో వెలువడిన అధ్యయనం నిరూపించింది కాబట్టి, వారి సమయాన్ని నమోదుల నుంచి విడిపించి సమావేశాలకు ఇవ్వడం ఖర్చుతో కూడిన సంస్కరణ కూడా కాదు.

ఆధారాలన్నీ చూసిన మీదట నిలిచే నిర్ణయం ఇది. సమస్యను ఎంచుకునే హక్కు ప్రజలకు ఉన్నచోట, పేద మహిళలు తగినంత సంఖ్యలో కూర్చోగలిగినచోట, వారి వెనుక పనిచేసే ఆసుపత్రీ రోడ్డూ నీరూ ఉన్నచోట భాగస్వామ్యం బిడ్డల ప్రాణాలు నిలిపింది. వీటిలో ఏది లేకపోయినా అది పేరుకు మాత్రమే మిగిలింది. రెండు తెలుగు ప్రభుత్వాలూ చేయవలసిన మొదటి పని కొత్త పథకానికి పేరు పెట్టడం కాదు. ప్రతి పొదుపు సంఘం నెలవారీ సమావేశంలో ఒక గంటను తల్లీబిడ్డల ఆరోగ్యానికి కేటాయించి, దాన్ని నడిపే మహిళకు జీతమిచ్చి, మూడేళ్లలోపు పిల్లలకు పగటి సంరక్షణ కేంద్రాలు తెరిచి, ఊళ్లో ఎందరు పిల్లలు తక్కువ బరువుతో ఉన్నారో, అందుకు ఎవరేం చేశారో పేర్లు చెప్పకుండా అంకెలతో ప్రతి గ్రామసభలోనూ చదివి వినిపించాలి. గ్రామసభకు వెళ్లే ప్రతి పౌరుడూ ఆ అంకె ఏదని అడగాలి.